అక్షరం చూసి మనిషిని పోల్చుకునే ఊరు

ఆగస్టు 15న ఎర్రకోట మీంచి ప్రధానమంత్రి హిందీలో ప్రసంగిస్తారు. చేతిలో ఉన్న కాగితం మీద మాత్రం ప్రతిసారీ దేవనాగరే ఉండాలని లేదు. 1996లో దేవెగౌడ తన హిందీ ప్రసంగాన్ని కన్నడ లిపిలో రాయించుకుని చదివారు. 2004 నుంచి 2013 దాకా వరసగా పదేళ్లు మాట్లాడిన మన్మోహన్ సింగ్ హిందీ ప్రసంగాలు ఉర్దూ లిపిలో ఉండేవి. పశ్చిమ పంజాబులోని గాహ్ అనే పల్లెలో ఉర్దూలో చదువు మొదలుపెట్టిన మనిషి ఆయన. హిందీ మాట్లాడగలిగేవారు, నాగరి చదవడం మాత్రం అలవాటు లేదు. టీవీ ముందు కూర్చున్న దేశానికి ఆ సంగతి పట్టనే లేదు. చెవికి హిందీ వినపడితే చాలు కదా.

తెలుగువాడికి ఇది వింతగానే ఉంటుంది. మనకు భాషా లిపీ పుట్టుకతో కలిసే వచ్చాయన్న భావన. తెలుగు వచ్చా అని అడిగితే మాట్లాడటం, చదవడం రెండూ కలిపే అడిగినట్టు. ఢిల్లీలో ఆ లెక్క కుదరదు. ఒకే మాటను నాగరిలో రాస్తే ఒకరు తలెత్తి చూస్తారు, ఉర్దూలో రాస్తే మరొకరు, రోమన్‌లో రాస్తే ఇంకొకరు. బోర్డు మీద ఏం రాశారో చదివేలోపే అది ఎవరిని పిలుస్తోందో, ఎవరిని పిలవడం లేదో తెలిసిపోతుంది. ఈ ఊళ్లో ఇన్నేళ్లుగా ఉంటూ నేను గట్టిగా నమ్మింది ఇదొక్కటే: ఇక్కడ లిపి భాషకు గుర్తు కన్నా ఎక్కువగా పాఠకుడి చిరునామా.

రాజ్యాంగం రాసినవాళ్లకూ ఈ సంగతి తెలుసు. అందుకే 343వ అధికరణం అధికార భాష హిందీ అని చెప్పి ఊరుకోలేదు, దేవనాగరి లిపిలో హిందీ అని లిపి పేరుతో సహా రాసింది. అంకెలకు మాత్రం అంతర్జాతీయ రూపం పెట్టింది. ఆ అంకెల మీద 1949లో రాజ్యాంగసభలో జరిగిన రగడ అంతా ఇంతా కాదు. ఆ చర్చల్లో మన దుర్గాబాయి కూడా ఉన్నారు. చిన్నతనంలోనే గోదావరి జిల్లాలో ఆడపిల్లలకు హిందీ బడి నడిపిన ఆమె, ఢిల్లీకి వచ్చాక హిందీ, ఉర్దూ కలగలిసిన హిందుస్తానీ కావాలని వాదించారు. వాదన నెగ్గలేదు. 1948లో ఇక్కడి తెలుగు పిల్లల చదువు కోసం ఆంధ్ర ఎడ్యుకేషన్ సొసైటీని మొదలుపెట్టిందీ ఆమే. ఇప్పుడు మెట్రో పింక్ లైన్లో ఆమె పేరు మీద ఒక స్టేషన్ ఉంది, దుర్గాబాయి దేశ్‌ముఖ్ సౌత్ క్యాంపస్. పేరు నాగరిలోనూ రోమన్‌లోనూ ఉంటుంది. రాజమండ్రి బిడ్డ అని ఆ బోర్డు చూసి పోల్చుకోవడం కష్టం. దేశ్‌ముఖ్ అని ఉంది కాబట్టి మరాఠీవాళ్లు తమ మనిషే అనుకుంటారు.

రోడ్ల పేర్ల బోర్డులు ఇంకా ఉదారం. నాగరి, రోమన్, గురుముఖి, ఉర్దూ, నాలుగూ ఉంటాయి. 2000 నాటి ఢిల్లీ అధికార భాషల చట్టం హిందీ తర్వాత పంజాబీకీ ఉర్దూకీ రెండో అధికార భాషల హోదా ఇచ్చింది. బోర్డు మీద నలుగురూ సమానులే. బోర్డు దాటి పది అడుగులు వేస్తే ఆ సమానత్వం కనపడదు.

తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఢిల్లీలోకి దిగుతున్నప్పుడు కిటికీలోంచి చూడండి. పట్టాల పక్క గోడలన్నీ నాగరే. గుప్తరోగాలు నయం చేసే హకీములు, బాబాలు, సిమెంటు, లోదుస్తులు. అదే రోజు గురుగ్రామ్ వెళ్లే ఎక్స్‌ప్రెస్‌వే మీద హోర్డింగులు చూడండి. అక్కడా మాటలు చాలావరకు హిందీయే, కానీ రోమన్ అక్షరాల్లో. 1998లో పెప్సీ ‘యే దిల్ మాంగే మోర్’ అన్నప్పటి నుంచీ ప్రకటనలవాళ్లకు ఇది రాజమార్గం. హిందీ మాట ఆప్యాయతకు, రోమన్ అక్షరం హోదాకు. కొత్త ఫ్లాటు కొనుక్కోగలిగినవాడు ఇంట్లో హిందీయే మాట్లాడతాడని వాళ్లకు తెలుసు. నాగరిలో రాస్తే ఆ సరుకు తన స్థాయిది కాదనుకుంటాడనీ తెలుసు. రైలు గోడ మీది హకీముకూ తన గిరాకీ ఎవరో బాగా తెలుసు. అందుకే ఇద్దరూ బాగుపడుతున్నారు.

సివిల్స్ పిల్లల పేటలు చూస్తే ఇది మరీ స్పష్టం. ముఖర్జీ నగర్లో కోచింగ్ బోర్డులు నాగరి, ఓల్డ్ రాజేంద్ర నగర్లో రోమన్. రెండూ ఒకే పరీక్షకు తయారుచేసే పేటలే. మొదటి చోట బిహార్, యూపీ, రాజస్థాన్ నుంచి వచ్చిన హిందీ మాధ్యమం పిల్లలు. రెండో చోట మన పిల్లలూ తమిళ, మలయాళీ పిల్లలూ ఇంగ్లీషు మాధ్యమంవాళ్లూ. 2014లో ప్రిలిమ్స్‌లోని సీశాట్ పేపరు ప్రశ్నల అనువాదం అన్యాయంగా ఉందని రోడ్డెక్కింది ముఖర్జీ నగరే. అద్దెగది వెతుక్కునే కుర్రాడు ఏ పేటలో దిగాలో బోర్డు మీది లిపే చెబుతుంది.

ఇక ఉర్దూ సంగతి. దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే మన కథ ఎటు పోవచ్చో ఇందులో కనపడుతుంది. 1837లో పారశీకం స్థానంలో దేశభాషలు వచ్చినప్పటి నుంచి ఢిల్లీ కచేరీల్లో ఉర్దూ. భూమి పత్రం, కోర్టు తీర్పు, కొట్టు పద్దు, పత్రిక, ప్రేమలేఖ అన్నీ ఆ వాలు రాతలోనే. హిందువైనా ముస్లిమైనా సిక్కయినా చదువుకున్నవాడు ఉర్దూ చదువుకున్నవాడే. దేశవిభజనతో పాఠకులు పోయారు, తర్వాత బళ్లు పోయాయి. ఇప్పుడు జామా మసీదు చుట్టుపక్కల వదిలేస్తే ఆ లిపి కనపడేది మసీదు గోడ మీదా ముషాయిరా పోస్టరు మీదా బిర్యానీ హోటలు పేరు పక్కనా. లిపి చావలేదు. అది రాయగల విషయాల జాబితా కుదించుకుపోయింది. మాటలు మాత్రం లిపిని వదిలేసి బతికాయి. పోలీసులు ఎఫ్ఐఆర్‌లు నాగరిలో రాస్తూనే పాత ఉర్దూ, పారశీక పదాలు దట్టిస్తుంటే, సామాన్యుడికి అర్థం కావని 2019లో ఢిల్లీ హైకోర్టు మందలించాల్సి వచ్చింది.

ఉర్దూవాళ్ల పట్టుదలా చిన్నది కాదు. అరబ్బీకి సరిపోయే నస్ఖ్ అచ్చులో పత్రిక వేస్తే వాళ్లకు చదివినట్టే ఉండదు, నస్తలీఖ్ వాలు కావాల్సిందే. ఆ వాలును సీసపు అచ్చులో పొదగడం కుదరక దశాబ్దాల తరబడి కాతిబులు పేజీలకు పేజీలు చేత్తో రాసేవారు. నూరీ నస్తలీఖ్ అక్షరాలతో ఇన్‌పేజ్ అనే సాఫ్ట్‌వేర్ 1994లో వచ్చాక కాతిబుల గదులు ఖాళీ అయ్యాయి. దాన్ని తయారుచేసింది ఢిల్లీ కంపెనీయే. కొందరు కాతిబులు పెళ్లి పత్రికల పనికి మళ్లారు. నోయిడాలో పుట్టిన రేఖ్తా అనే సంస్థ మరో దారి పట్టింది. 2013 నుంచి వాళ్ల వెబ్‌సైటులో ప్రతి గజలూ ఉర్దూ, నాగరి, రోమన్ మూడు లిపుల్లోనూ చదువుకోవచ్చు. వాళ్లు ఏటా జరిపే జష్న్-ఎ-రేఖ్తా ఉత్సవానికి కుర్రకారు తోసుకుని వస్తారు. అందులో చాలామందికి అలీఫ్, బే రావు. గజల్ మీద ప్రేమకు అది అడ్డు కాలేదు. నేను దీన్ని పెద్ద సేవగానే చూస్తాను. అయితే రేఖ్తా కాపాడింది కవిత్వాన్ని. భూమి పత్రాన్నీ కొట్టు పద్దునూ ఎవరూ వెనక్కి తేలేదు, తేలేరు కూడా.

ఇప్పుడు మన సంగతి చూద్దాం.

మొన్న శీతాకాలంలో బంధువుల అమ్మాయి పెళ్లికి కార్డులు వేయించడానికి చావ్డీ బజార్ వెళ్లాను. పెళ్లి కార్డుల టోకు వ్యాపారమంతా ఆ సందుల్లోనే. తెలుగు పాఠం ఫోన్లో పంపితే కొట్టు కుర్రాడు కంప్యూటర్లో అతికించి ప్రూఫ్ తీశాడు. పైన పెద్ద బంగారు అక్షరాల్లో ‘శ్‌రీరస్‌తు, శుభమస్‌తు’. ఒత్తులన్నీ విడిపోయి పొల్లు పెట్టుకుని నిలబడ్డాయి. భారతీయ లిపులకు తగ్గట్టు సెట్టింగు మార్చకపోతే పేజీలు కట్టే సాఫ్ట్‌వేర్లు చేసే నిర్వాకమే ఇది. తప్పు చూపించబోతే కుర్రాడు ప్రూఫ్‌ను వెలుతురులో పట్టుకుని మురిసిపోతున్నాడు: “అంకుల్‌జీ, పూరా సౌత్ ఇండియన్ లుక్ ఆ గయా!” అరటి చెట్లు, ఏనుగులు, నాదస్వరం బొమ్మ, వాటి పక్కన ఈ గుండ్రటి అక్షరాలు. అతని కళ్లకు అన్నీ అలంకారాలే. చివరికి హైదరాబాదు నుంచి బొమ్మగా మార్చిన పాఠం తెప్పించి అతికిస్తే గానీ ఒత్తులు కిందికి దిగలేదు.

కుర్రాడి మీద నాకు కోపం రాలేదు. కార్డును తీరిగ్గా చూస్తే మన తీరూ అదే. తెలుగు వైపు ముహూర్తం, లగ్నం, నక్షత్రం, తాతముత్తాతల పేర్లు. ఇంగ్లీషు వైపు హాలు అడ్రసు, భోజనాల టైము, మ్యాప్ కోడ్, ఫోన్ నంబర్లు. పెళ్లికి చేరాలంటే చదవాల్సింది ఇంగ్లీషు వైపు, తెలుగు వైపుకు పసుపు రాయాలి. నోయిడా, గురుగ్రామ్ అపార్టుమెంట్లలో తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులూ ఇంతే. పాలవాడు రాలేదన్నా, కుక్కర్ రిపేరు చేసేవాడు కావాలన్నా, మ్యాచ్ మీద జోకైనా అన్నీ రోమన్‌లో రాసిన తెలుగే. ఉగాది వచ్చేసరికి మాత్రం మామిడాకుల బొమ్మతో తెలుగు అక్షరం దిగుతుంది.

రోమన్‌లో తెలుగు రాయడం మీద పెద్దలు పెట్టే శోకాలు నాకు పట్టవు. సరళంగా ఉంది, వేగంగా ఉంది, రాసుకోనివ్వండి. తెలుగు పాటకు వేరే లిపి కొత్తా? త్యాగరాజ కృతులు తమిళ లిపిలో అచ్చయి ఎన్నో తరాలు పాడుకున్నాయి. క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఉన్నది ఒకటే అక్షరం కాబట్టి పక్కన 2, 3, 4 అని చిన్న అంకెలు వేసుకుని మరీ నేర్చుకున్నారు. కరోల్ బాగ్, ఆర్కే పురం సంగీతం క్లాసుల్లో తమిళ పుస్తకం చూస్తూ తెలుగు కృతి పాడే పిల్లలున్నారు. ఉచ్చారణ మన పిల్లల కన్నా బాగానే ఉంటుంది.

సినిమావాళ్లయితే లిపి లెక్కను వ్యాపారంగానే చూస్తారు. ‘ఆర్ఆర్ఆర్’ పేరునే తీసుకోండి. మూడు రోమన్ అక్షరాలు దేశమంతటికీ ఒకటే. వాటి కింద తెలుగులో రౌద్రం రణం రుధిరం, ఇంగ్లీషులో వేరే మూడు మాటలు. ఢిల్లీ మల్టీప్లెక్స్‌లో ఆ పోస్టరు ముందు నిలబడ్డ పంజాబీ కుర్రాడికి అది డబ్బింగు సినిమా అన్న శంక రాదు. తెలుగువాడికి తన సినిమా అనీ తెలుస్తుంది. తెలివైన పనే, కాదనను. కాకపోతే తెలుగు అక్షరం అక్కడ ఉపశీర్షిక స్థాయికి దిగింది, మనం చప్పట్లు కొట్టాం.

నా బెంగ రోమన్ గురించి కాదు. తెలుగు లిపిని మనమే ఒకే ఒక సందర్భానికి కట్టిపడేస్తున్నాం, అదీ సంగతి. పెళ్లి, పండగ, గుడి, సంతాపం. ఒకప్పుడు బాపు చేతిరాత ఒక్కటే ఇన్ని చోట్ల తిరిగేది: కార్టూను కింద వెటకారం, నవల అట్ట, సినిమా టైటిలు, శుభలేఖ. అదే చెయ్యి, సందర్భాన్ని బట్టి నవ్వేది, సిగ్గుపడేది, గంభీరంగా నిలబడేది. ఆయన తర్వాత ఆ రాత ఫాంటుగా మిగిలి, ఎక్కువగా శుభలేఖల పాలైంది. అక్షరాలకు కరువొచ్చిందా అంటే అదీ లేదు. సిలికానాంధ్ర చొరవతో వచ్చిన ఉచిత ఫాంట్లు గిడుగు, గురజాడ, సూరన, ధూర్జటి, రామభద్ర, మండలి లాంటి పేర్లతో ఇప్పుడు గూగుల్ ఫాంట్లలో ఎవరికైనా దొరుకుతున్నాయి. లావువి, సన్నవి, అల్లరివి అన్నీ ఉన్నాయి. వాటితో రాయడానికి మనకు కావాల్సింది పండగ కాని విషయం.

అలాంటి విషయం తెలుగులో మొయ్యలేమన్నవాళ్లకు జవాబు ఈ ఊళ్లోనే ఉంది, షాజహాన్ రోడ్డులోని యూపీఎస్సీ భవనంలో. 2016 సివిల్స్‌లో దేశంలో మూడో ర్యాంకు తెచ్చుకున్న శ్రీకాకుళం జిల్లా పలాస ప్రాంతం కుర్రాడు రోణంకి గోపాలకృష్ణ మెయిన్స్ తెలుగులో రాశారు, ఇంటర్వ్యూ తెలుగులో ఇచ్చారు. పాలనా వ్యవస్థ, ఆర్థికం, నీతిశాస్త్రం అన్నీ అఆలలోనే. ఆ సమాధాన పత్రాలను దిద్దినవాళ్లకు అందులో సౌత్ ఇండియన్ లుక్ కనపడి ఉండదు, మార్కులు వేయదగ్గ వాదన కనపడి ఉంటుంది. అయితే రాజేంద్ర నగర్ సందుల్లో జిరాక్స్ కొట్లు వరసగా ఉంటాయి. నోట్సు కట్టలు కట్టలుగా వేలాడుతుంటాయి, అన్నీ ఇంగ్లీషే. తెలుగులో రాద్దామనుకునే కుర్రాడు ఉంటే హైదరాబాదు అశోక్ నగర్ నుంచి తెప్పించుకోవాలి, లేదా తనే రాసుకోవాలి. ఆ లోటు తీర్చడానికి చోటు లేకపోలేదు. అశోకా రోడ్డులోని ఆంధ్రా భవన్ స్థలాన్ని 2024లో రెండు తెలుగు రాష్ట్రాలూ పంచుకున్నాయి. కొత్త భవనాల నమూనాల్లో గెస్టు రూములు, క్యాంటీను ఎలాగూ ఉంటాయి. పోటీ పరీక్షల తెలుగు పుస్తకాలతో ఒక చదువు గది కూడా గీయమని రెండు ప్రభుత్వాల్లో ఏది ముందు అడుగుతుందో చూడాలి.