ఒక్క పేరు... ఎన్ని ధర్మవరాలో!

ధర్మవరం అనగానే పెళ్లింటివాళ్లకు పట్టుచీర కళ్లముందు మెరుస్తుంది. రైలు ప్రయాణికులకు జంక్షన్‌ గుర్తొస్తుంది. ఎన్నికల వేళ అదో అసెంబ్లీ నియోజకవర్గం. నాటకాలంటే ప్రాణమిచ్చే పెద్దవాళ్లకైతే బళ్లారిలో నాటకాలు ఆడించిన ‘ఆంధ్ర నాటక పితామహుడు’ ధర్మవరం రామకృష్ణమాచార్యులు! మాట ఒక్కటే అయినా, ఏ ధర్మవరం గురించి చెబుతున్నారో సందర్భాన్ని బట్టి మనిషికి ఇట్టే తెలిసిపోతుంది. మరి కంప్యూటర్‌కి?

దానికి కనిపించేవి అక్షరాలే. అందుకే ‘ధర్మవరం’ అని వెతికితే చీరా, స్టేషనూ, ఎమ్మెల్యే అన్నీ కలగలిపి ముందు పోస్తుంది. కాకినాడ జిల్లా ప్రత్తిపాడు మండలంలోనూ ఓ ధర్మవరం ఉంది. చిత్రావతి ఒడ్డునున్న ధర్మవరం వేరు, ఇది వేరు అని యంత్రానికి ఎవరు చెప్పాలి?

ఈ చిక్కుముడి విప్పడానికి పుట్టిన ఆలోచనే సెమాంటిక్‌ వెబ్‌... అంటే అర్థం తెలిసిన వెబ్‌. 1989లో వరల్డ్‌ వైడ్‌ వెబ్‌ను ప్రతిపాదించిన టిమ్‌ బెర్నర్స్‌ లీనే దీని గురించీ చెప్పారు. 2001 మేలో జేమ్స్‌ హెండ్లర్‌, ఓరా లాసిలాలతో కలిసి ‘సైంటిఫిక్‌ అమెరికన్‌’ పత్రికలో దీన్ని అందరికీ అర్థమయ్యేలా వివరించారు. పాత వెబ్‌లో ఒక పేజీకీ మరో పేజీకీ లంకె. ఇందులో ఒక విషయానికీ మరో విషయానికీ లంకె. తేడా అంతే!

ప్రతిదానికీ ఓ పిన్‌కోడ్‌
మొదటి పని, ప్రతి వస్తువుకీ, ఊరికీ, మనిషికీ వేరే ఎవరికీ లేని గుర్తింపు ఇవ్వడం. ఇది మనకు కొత్తేం కాదు. ఒకే పేరున్న ఊళ్లతో ఉత్తరాలు దారి తప్పుతుంటే తపాలా శాఖ 1972లో పిన్‌కోడ్‌ తెచ్చింది. రైల్వేకి ధర్మవరం అంటే డీఎంఎం, హిందూపురం అంటే హెచ్‌యూపీ. ఇక తికమకే లేదు.

వెబ్‌లోనూ అంతే. 2012 అక్టోబరులో మొదలైన వికీడేటాలో తెలుగు భాష గుర్తింపు సంఖ్య క్యూ8097. తమిళులు తమ లిపిలో ‘తెలుంగు’ అని రాసినా, ఇంగ్లిషువాళ్లు ఇంకోలా రాసినా, అందరి వేలూ ఆ సంఖ్యవైపే చూపిస్తుంది.

బడిలో చదివిన వ్యాకరణమే
రెండో పని, విషయాన్ని మూడు ముక్కల్లో చెప్పడం. దాదాపు మన కర్త, కర్మ, క్రియల్లాగే! ‘ధర్మవరం - ఉన్న జిల్లా - శ్రీసత్యసాయి’ అన్నది ఒక వాక్యం. ‘శ్రీసత్యసాయి జిల్లా - ముఖ్య పట్టణం - పుట్టపర్తి’ అన్నది ఇంకోటి. ఈ రెండూ ఉంటే చాలు... ధర్మవరం వాళ్లు కలెక్టరేట్‌ పనిమీద ఏ ఊరు వెళ్లాలో యంత్రమే చెప్పేస్తుంది. ఆ సంగతి విడిగా ఎవరూ రాసి ఉండక్కర్లేదు.

తేదీ కూడా జోడిస్తే ఇంకా మంచిది. 2022 ఏప్రిల్‌ 4న కొత్త జిల్లాలు వచ్చాక ధర్మవరం, పెనుకొండ, హిందూపురం మూడూ అనంతపురం జిల్లా నుంచి శ్రీసత్యసాయి జిల్లాలోకి వెళ్లాయి. విడివిడిగా రాసుకున్న పేజీలన్నీ దిద్దాలంటే తలకు మించిన పని. అన్నీ ఒకే చోటి నుంచి సమాచారం తెచ్చుకుంటే మాత్రం అక్కడొక్కచోట దిద్దితే సరి.

చెరగు అన్నా... కొంగు అన్నా...
అసలు ఇబ్బంది పేర్ల దగ్గరే. రాయలసీమలో చెరగు, కోస్తాలో కొంగు, దుకాణంలో పల్లూ. పాతకాలం వాళ్లు సరిగ అంటారు, ఇప్పటివాళ్లు జరీ అంటారు. మగ్గం దగ్గరి మనిషి ‘చెరగు’ అని చెప్పింది, ‘పల్లూ’ అని వెతికే అమ్మాయికి దొరకదు. ఇలాంటి పేర్లన్నిటినీ ఒకే గుర్తింపు కింద కట్టే పద్ధతికి వెబ్‌ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ 2009లో ఆమోదం తెలిపింది. దీని పేరు స్కోస్‌. ఇందులో ఏ మాటనూ చెరిపేయక్కర్లేదు. అన్నీ ఉంటాయి, అన్నీ ఒకదానికే చెందుతాయి.

అప్పుడేమవుతుంది? హిందూపురం మార్కెట్‌కి వచ్చే పట్టుగూడు, దాని నుంచి తీసిన దారం, అద్దకం, పడుగు, పేక, అంచు... ఒకదాని వెంట ఒకటి గొలుసులా కనిపిస్తాయి. 16వ శతాబ్దపు లేపాక్షి వీరభద్రాలయం పైకప్పు చిత్రాల్లోని వస్త్రాలకూ, నేటి చీర అంచుకూ పోలిక ఉందా అని చూడాలనుకునే విద్యార్థి పది చోట్ల తిరగక్కర్లేదు.

మూడు గుర్తులు... మూడు జవాబులు
ఇది చదువుకునేవాళ్ల గొడవే అనుకుంటే పొరపాటు. మరమగ్గం మీద నేసిన చీరకు ‘ధర్మవరం’ అని పేరు పెట్టి అమ్మితే నష్టపోయేది చేనేత కుటుంబం. మోసపోయేది కొన్నవాళ్లు. చేనేతకు కొన్ని రకాలను ప్రత్యేకించిన చట్టం 1985లోనే వచ్చింది. ధర్మవరం చేనేత పట్టుచీరలకు, పావడాలకు భౌగోళిక గుర్తింపూ ఉంది.

అయితే ఒక్కో గుర్తుదీ ఒక్కో మాట. 2004లో వచ్చిన సిల్క్‌ మార్క్‌ ‘ఇది అసలు పట్టు’ అంటుంది. 2006 నాటి హ్యాండ్లూమ్‌ మార్క్‌ ‘చేతిమగ్గం మీద నేసింది’ అంటుంది. భౌగోళిక గుర్తింపు ‘ఆ ప్రాంతంలో తయారైంది’ అంటుంది. కొనేవాళ్లకు ఈ మూడింటికీ జవాబులు కావాలి. ఈ వివరాలను మగ్గానికి, సంఘానికి, నేసిన తేదీకి ముడిపెడితే, చీర మీది ఒక్క సంఖ్యతో దాని కథంతా ఫోన్‌లో చూడొచ్చు.

యంత్రం నిజాయతీని మాత్రం నేయలేదు! తప్పు వివరం నమోదైతే ఆ తప్పునే నలుచెరగులా మోసుకెళ్తుంది. అందుకే ప్రతి సంగతీ ఎవరు చెప్పారో, ఎప్పుడు చెప్పారో పక్కనే ఉండాలి. అడిగిందే తడవుగా జవాబిచ్చే ఏఐ చాట్‌బాట్‌ల కాలంలో ఇది మరీ అవసరం. అవి ఒక ధర్మవరం సంగతిని ఇంకో ధర్మవరానికి అంటగట్టినా ధీమాగానే చెబుతాయి. సరిచూసుకోవడానికి ఓ గట్టి ఆధారం ఉండొద్దూ?

రాసేదెవరు?
2001లో కన్న కల పూర్తిగా నెరవేరలేదు. వివరాలు నింపే ఓపిక అందరికీ ఉండదు కదా! గూగుల్‌, మైక్రోసాఫ్ట్‌, యాహూ కలిసి 2011లో తెచ్చిన స్కీమా డాట్‌ ఆర్గ్‌ పుణ్యమా అని దుకాణాల ధరలు, సినిమా వేళలు, వంటకాల వివరాలు మాత్రం వెబ్‌లో పద్ధతిగా చేరాయి. అక్కడ వ్యాపారం ఉంది మరి. మగ్గం మాటలకు ఆ తొందర ఎవరికుంటుంది?

వికీడేటాలో ఎవరైనా తెలుగులోనే పేర్లు చేర్చొచ్చు, ఖర్చేమీ లేదు. ఇంట్లో నేత తెలిసిన తాతో అవ్వో ఉంటే, మగ్గంలోని ఒక్కో భాగాన్నీ ఏమంటారో అడిగి, ఫొటో తీసి, ఊరూ తేదీ రాసిపెట్టుకోవడం పిల్లలకు ఒక ఆదివారం పని. వాటికి సంఖ్యలు ఇవ్వడం, లంకెలు వేయడం తర్వాతైనా చేసుకోవచ్చు. ఆ మాటలు తెలిసినవాళ్లను అడగడం మాత్రం ఇప్పుడే చేయాలి.