బట్టతల మందులు: ఆశ ఎంత, ఆధారం ఎంత?

2025 డిసెంబరు తొలి వారంలో ఐరోపా నుండి ఒక ప్రకటన వెలువడింది. కాస్మో ఫార్మాస్యూటికల్స్ అనే సంస్థ క్లాస్కోటెరోన్ అనే పూతమందును మొత్తం 1,465 మంది పురుషులపై రెండు పరీక్షలుగా నిర్వహించి, మూడవ దశను విజయవంతంగా దాటినట్లు తెలియజేసింది. ఉత్తుత్తి మందు పూసుకున్నవారితో పోలిస్తే ఒక పరీక్షలో 539 శాతం, మరొక పరీక్షలో 168 శాతం అధిక ఫలితం కనిపించిందన్నది ఆ ప్రకటన సారాంశం. బట్టతలకు కొత్త మందు కోసం దాదాపు మూడు దశాబ్దాలుగా ఎదురుచూస్తున్నవారికి ఇది చిన్న వార్త కాదు. అయితే ఈ అంకెను చదివే తీరు ఒకటున్నది. ఆ తీరు తెలియకపోతే ఆశ కాస్తా అప్పుగా మారే ప్రమాదమున్నది.

539 శాతం అనగానే తలపై వెంట్రుకలు అయిదారు రెట్లు అవుతాయని ఎవరికైనా అనిపిస్తుంది. దాని అర్థం అది కాదు. ఉత్తుత్తి మందు పూసుకున్నవారికి ఒక చిన్న చోట 2 వెంట్రుకలు అదనంగా మొలిచి, అసలు మందు పూసుకున్నవారికి 13 మొలిచాయనుకుందాం. అది దాదాపు 550 శాతం అధికమే. మొదటివారికి 20, రెండవవారికి 130 మొలిచినా అంతే. అద్దంలో చూసుకునేవాడికి మాత్రం 13కూ 130కీ ఉన్న వ్యత్యాసం నేలకూ నింగికీ ఉన్నంత. మడిలో గింజే రాలని రైతు కంటే పక్క రైతుకు అయిదు రెట్లు పండిందంటే, పక్క రైతు గాదె నిండిందని అర్థం కాదు కదా! పైగా ఒకే మందుపై జరిగిన రెండు పరీక్షలలో ఒకటి 539, ఇంకొకటి 168 చూపడమే ఈ నిష్పత్తి ఎంత నిలకడలేని కొలమానమో చెబుతున్నది. మందు పనిచేసిందన్నది నమ్మదగిన మాటే. ఎంత పనిచేసిందన్నదే అసలు ప్రశ్న.

ఈ వార్తకు ఇంత ప్రాధాన్యం రావడానికి కారణం చరిత్రలో ఉన్నది. పురుషుల బట్టతలకు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఆమోదించిన మందులు ఏళ్ల తరబడి రెండే: 1988లో మినాక్సిడిల్ పూత, 1997లో ఫినాస్టరైడ్ మాత్ర. విచిత్రమేమంటే ఆ రెండూ జుట్టు కోసం పుట్టినవి కావు. మినాక్సిడిల్ రక్తపోటు మాత్ర. దానిని మింగిన రోగులకు ఒంటి నిండా వెంట్రుకలు రావడం చూసిన వైద్యులు దానిని నెత్తికి పూసే ద్రవంగా మార్చారు. ఫినాస్టరైడ్ ప్రొస్టేటు గ్రంథి వాపు కోసం వచ్చినది. డొమినికన్ రిపబ్లిక్‌లోని కొన్ని పల్లెల్లో ఒక ఎంజైము లోపంతో పుట్టిన మగవారిని పరిశీలించి 1974లో వెలువరించిన అధ్యయనం దీనికి మూలం. అటువంటివారికి పెద్దయ్యాక ప్రొస్టేటు చిన్నదిగానే ఉండేది, బట్టతల వచ్చేది కాదు. ఆ ఎంజైమును మాత్రతో అడ్డుకుంటే ఏమవుతుందన్న ఆలోచనే మందయింది. అదే కోవకు చెందిన డ్యుటాస్టరైడ్‌ను 2009లో దక్షిణ కొరియా, 2015లో జపాన్ జుట్టు రాలడానికి అనుమతించాయి.

ఆ ఎంజైము పని టెస్టోస్టిరాన్ అనే పురుష హార్మోనును మరింత తీవ్రమైన రూపంలోకి, అంటే డీహెచ్‌టీగా మార్చడం. వంశపారంపర్యంగా ఆ హార్మోనుకు లొంగే గుణమున్న వెంట్రుక కుదుళ్లు ఏటేటా కుంచించుకుపోతాయి. దట్టమైన వెంట్రుక సన్నబడి, నూగుగా మారి, చివరకు కంటికి ఆనదు. నుదుటి మూలలు, నడినెత్తి ముందుగా పలచబడి, చెవుల పైన, వెనుక భాగాన జుట్టు నిలిచి ఉండడానికి కారణం ఆ కుదుళ్లకు ఆ లొంగుబాటు లేకపోవడమే. జుట్టు మార్పిడి శస్త్రచికిత్స ఆధారపడినదీ దీనిమీదే.

మేనమామ తల చూసి పిల్లవాడి జుట్టును అంచనా వేసే అలవాటు మన ఇళ్లలో ఉన్నది. అది సగం నిజం. హార్మోనును అందుకునే గ్రాహకానికి చెందిన జన్యువు తల్లి నుండే కుమారుడికి వస్తుంది. కానీ బట్టతలతో సంబంధమున్న జన్యువులు ఇంకా అనేకం ఉన్నాయి, అవి తండ్రి వైపు నుండి కూడా వస్తాయి. కనుక మేనమామ ఒక్కడినే దోషిగా నిలబెట్టడం న్యాయం కాదు.

క్లాస్కోటెరోన్ పనిచేసే తీరు వేరు. హార్మోను తయారీని అది ఆపదు. కుదురు దగ్గర హార్మోను అతుక్కునే చోటును తాను ఆక్రమిస్తుంది. రక్తంలోకి చేరినది త్వరగా విరిగిపోతుంది గనుక శరీరమంతటి మీద ప్రభావం తక్కువగా ఉంటుందన్నది దీనిపై ఉన్న ప్రధానమైన ఆశ. ఇదే మందు 1 శాతం గాఢతతో మొటిమల లేపనంగా 2020లో అమెరికాలో అనుమతి పొందింది. తలకు పరీక్షించినది 5 శాతం ద్రవం. ఏడాది పాటు వాడినవారి భద్రతా సమాచారం పూర్తయ్యాక 2026లో అనుమతులకు దరఖాస్తు చేస్తామన్నది 2025 నాటి ప్రకటన.

రెండవ ఆశ అమెరికాలో లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధన నుండి పుట్టిన పీపీ405. ఇది హార్మోను జోలికే పోదు. కుదురులో నిద్రాణంగా పడి ఉన్న మూలకణాలకు ఇంధనం అందే దారిని మార్చి వాటిని మేల్కొలపాలన్నది ఇందులోని ఆలోచన. పెలేజ్ ఫార్మాస్యూటికల్స్ అనే సంస్థ 78 మంది స్త్రీ పురుషులపై జరిపిన పరీక్ష ఫలితాలను 2025 జూన్‌లో తెలిపింది. నాలుగు వారాలు రోజుకొకసారి పూసి, ఎనిమిదవ వారంలో కొలిచినప్పుడు, జుట్టు ఎక్కువగా రాలిన పురుషులలో 31 శాతం మందికి జుట్టు దట్టం 20 శాతానికి మించి పెరిగింది. ఉత్తుత్తి మందు వాడినవారిలో అలా ఒక్కరికీ జరగలేదు. ఆసక్తి కలిగించే ఫలితమే. అయినా 78 మంది అంటే ఒక బస్సుడు జనం. ఎనిమిది వారాలంటే ఒక వెంట్రుక జీవితంలో రెప్పపాటు.

అనుమానం ఎందుకంటారా? ఇంతకు ముందు ఇలాగే మెరిసి ఆరిపోయినవి ఉన్నాయి గనుక. బట్టతల ఉన్న నెత్తిచర్మంలో ప్రోస్టాగ్లాండిన్ డీ2 అనే పదార్థం అధికంగా ఉన్నదని 2012లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం పరిశోధకులు కనుగొన్నప్పుడు ప్రపంచమంతటా పతాక శీర్షికలు వచ్చాయి. దానిని అడ్డుకునే సెటిపిప్రాంట్ అనే మాత్రను మనుషులపై పరీక్షిస్తే ఉత్తుత్తి మాత్ర కంటే మెరుగైన ఫలితం రాలేదు. క్లాస్కోటెరోన్ మాదిరిగానే హార్మోను గ్రాహకాన్ని అడ్డుకునే కేఎక్స్-826 అనే చైనా పూతమందు 2023లో మూడవ దశలో తడబడింది. ఉత్తుత్తి మందుతో పోల్చినప్పుడు తేడా లెక్కకు నిలవలేదు. కుదుళ్ల కణాలను ప్రయోగశాలలో పెంచి తిరిగి నాటే పద్ధతిపై 2013లో ఆశలు మిన్నంటాయి. ఏళ్లు గడిచినా ఆ పద్ధతి అందరికీ అందే చికిత్సగా మారలేదు. "ఇంకో అయిదేళ్లలో" అన్న మాటను ఒక తరం వింటూ వింటూ తాతలయింది.

ఉత్తుత్తి మందు పూసుకున్నవారికి కూడా కొంత జుట్టు పెరిగినట్లు లెక్క తేలడం ఈ పరీక్షలలో సామాన్యం. జుట్టుకు రాలే కాలం, మొలిచే కాలం సహజంగానే ఉంటాయి. సంతలో నూనె అమ్మేవాడి "నిదర్శనాలు" నిలబడేది ఈ సహజత్వం మీదే.

కాగా, ఉన్న మందుల మాటేమిటి? రెండేళ్ల పరీక్షలో ఫినాస్టరైడ్ వాడినవారిలో 83 శాతం మందికి వెంట్రుకల సంఖ్య తగ్గలేదు. ఉత్తుత్తి మాత్ర వాడినవారిలో అలా నిలిచినది 28 శాతం మందికే. పోయిన జుట్టు తిరిగి రావడం కంటే ఉన్నది నిలవడమే ఇందులో ప్రధాన లాభం. అందుకే తొలిదశలో మొదలుపెట్టినవారికే మేలు ఎక్కువ. నున్నగా మారిన నెత్తికి ఈ మాత్ర చేయగలిగింది స్వల్పం. మినాక్సిడిల్ పూసిన తొలి వారాల్లో జుట్టు మరింత రాలడం కద్దు. భయపడి మానేసేవారు అక్కడే మానేస్తారు. ఏ మందైనా ఆపిన కొన్ని నెలలకు లాభం కరిగిపోతుంది. ఇది ఒకనాటి వైద్యం కాదు, నెలనెలా ఖర్చు.

ఫినాస్టరైడ్‌కు మరొక పార్శ్వమున్నది. కొద్దిమందిలో లైంగిక సమస్యలు వస్తాయి. ఆత్మహత్య ఆలోచనలు ఈ మాత్ర దుష్ప్రభావమేనని ఐరోపా ఔషధ సంస్థ భద్రతా కమిటీ 2025 మేలో నిర్ధారించింది. మనసు కుంగినట్లు అనిపిస్తే మాత్ర ఆపి వైద్యుని కలవాలన్నది 1 మిల్లీగ్రాము మాత్ర వాడేవారికి ఇచ్చిన సూచన. గర్భిణులు పొడి అయిన లేదా విరిగిన మాత్రను తాకరాదు. కడుపులోని మగశిశువుకు హాని. ప్రొస్టేటు క్యాన్సరు కోసం చేసే పీఎస్ఏ రక్తపరీక్షలో అంకెను ఇది దాదాపు సగానికి తగ్గిస్తుంది గనుక, వయసు మళ్లినవారు ఆ సంగతి వైద్యునికి చెప్పి తీరాలి. మందుల దుకాణంలో చీటీ లేకుండా అడిగి తెచ్చుకునే యువకుడికి ఇవేవీ ఎవరూ చెప్పరు.

ఆశకూ ఆధారానికీ నడుమనున్న ఖాళీలోనే మోసం వ్యాపారమవుతున్నది. 2025 మార్చిలో పంజాబులోని సంగ్రూరులో జరిగిన బట్టతల శిబిరంలో నూనె రాయించుకున్న 60 మందికి పైగా కళ్ల మంటలతో ఆసుపత్రి పాలయ్యారు. మరుసటి నెలలో హైదరాబాదు ఉప్పల్‌లో, ఢిల్లీ నుండి వచ్చిన ఒకరు గుండుపై మందు రాసి వెంట్రుకలు మొలిపిస్తాడన్న ప్రచారానికి వందలాది మంది బారులు తీరారు. ఎండకు తాళలేక తాటిచెట్టు నీడకు పోయి, నెత్తిన తాటిపండు పడిన ఖర్వాటుని కథ భర్తృహరి ఏనాడో చెప్పాడు. ఇక్కడ పండు దానంతట అది పడలేదు, ఎవరో గురిచూసి వేశారు. బట్టతలను నయం చేస్తానని ఏ మందూ చెప్పుకోరాదని మన దేశపు ఔషధ నిబంధనల జె షెడ్యూలు స్పష్టంగా పేర్కొంటున్నది. ఆ జాబితాలో క్యాన్సరు, అంధత్వాల సరసన బట్టతల ఉన్నది. ప్రచార పత్రాలు అచ్చువేసేవారికి ఆ సంగతి పట్టినట్లు లేదు.

శస్త్రచికిత్స విషయంలోనూ జాగ్రత్త తప్పదు. కాన్పూరులో జుట్టు మార్పిడి చేయించుకున్న ఇద్దరు ఇంజినీర్లు మరణించిన ఉదంతం 2025లో పోలీసు కేసయింది. ఆ పని చేసినట్లు ఆరోపణ ఎదుర్కొన్నది ఒక దంతవైద్యురాలు. ప్లాస్టిక్ సర్జరీలోనో చర్మవైద్యంలోనో శిక్షణ పొందిన వైద్యులే జుట్టు మార్పిడి చేయాలని జాతీయ వైద్య కమిషన్ 2022లోనే మార్గదర్శకాలిచ్చింది.

సరిహద్దు గ్రామాల యువకులు బెంగుళూరు, చెన్నై, సూరత్‌లలో పనిచేస్తూ పెళ్లిచూపులకు ఊరు వస్తారు. నుదురు వెనక్కు పోయిందని సంబంధం వాయిదా పడిన ఇళ్లు ఏ ఊళ్లోనైనా ఒకటి రెండు ఉంటాయి. తిరుగు ప్రయాణానికి ముందే ఏదో ఒకటి చేయించాలన్న తల్లిదండ్రుల తొందరే దళారులకు పెట్టుబడి. తెలుగులో మాట్లాడేవాడు చెప్పాడు గనుక నమ్మడం, కన్నడంలోనో ఒడియాలోనో తమిళంలోనో ఉన్న రసీదు చదవలేక ఊరుకోవడం ఇక్కడి కుటుంబాలకు ఉన్న అదనపు ఇబ్బంది. బళ్లారి, బ్రహ్మపుర, కాకినాడ ప్రభుత్వ వైద్య కళాశాలల ఆసుపత్రులలో చర్మవ్యాధుల విభాగాలు ఉన్నాయి. రాలుతున్నది వంశపారంపర్యంగానా, రక్తహీనత వల్లనా, థైరాయిడ్ వల్లనా, జ్వరం తరువాత తాత్కాలికంగానా అన్నది ముందు తేల్చవలసినది అక్కడే. 2025 జనవరిలో మహారాష్ట్రలోని బుల్ఢానా జిల్లా పల్లెల్లో ఆడా మగా తేడా లేకుండా రోజుల వ్యవధిలో జుట్టు ఊడిపోయినప్పుడు, అనుమానం గోధుమలలోని సెలీనియం మీదికి పోయింది. అది బట్టతల కానే కాదు.

క్లాస్కోటెరోన్ 5 శాతం ద్రవమైనా, పీపీ405 అయినా 2025 చివరినాటికి ప్రపంచంలో ఏ దేశంలోనూ బట్టతల మందుగా అమ్మకానికి రాలేదు. ఆనాటికే ఆ పేర్లతో సీసాలు అమ్మజూపినవాడి దగ్గర ఉన్నది ఆ మందు కాదు. అనుమతి వచ్చిన తరువాతనైనా అడగవలసినది ఎన్ని శాతమని కాదు. చదరపు సెంటీమీటరుకు ఎన్ని వెంట్రుకలు, ఎన్ని నెలలకు, ఆపితే ఏమవుతుంది, నెలకు ఎంత?