గోడకు దాహమెందుకు?

పిల్లలూ, శ్రీసిటీ నుంచి ఒక బాలుడు ఈ నెల ఇలా అడిగాడు: "అయ్యవారూ! మాది తాతల నాటి ఇటుక ఇల్లు, సున్నంతో కట్టింది. వానలు పడితే తూర్పు గోడ చెమ్మగిల్లి పెచ్చులు ఊడుతోంది. మా నాయన రెండేళ్లుగా సిమెంటు పూయిస్తూనే ఉన్నాడు. గోడ పక్కన పడుకునే చెల్లెలికి దగ్గు తగ్గడం లేదు. ఏం చేసేది?"

తూర్పు గోడ అన్నాడు, చూశారా? ఆ వైపు సముద్రం ఎంతో దూరం లేదు. అక్టోబరు మొదలు డిసెంబరు దాకా ఈశాన్య ఋతుపవనాల వాన గాలితో కలిసి వచ్చి గోడను కొడుతుంది. అయితే నీరు కింది నుంచి కూడా ఎక్కగలదు. పళ్లెంలో కాస్త రంగు నీళ్లు పోసి, అందులో ఒక ఇటుకను నిలబెట్టండి. తడి మెల్లగా పైకి పాకుతుంది. ఇటుకలో వెంట్రుకల కన్నా సన్నని దారులుంటాయి. దీపపు వత్తి నూనెను పీల్చినట్టే అవి నీటిని పీలుస్తాయి. గోడల్లో ఈ తడి సుమారు మీటరు ఎత్తు దాకా పోవచ్చు.

ఆ నీటితో పాటు నేలలోని ఉప్పూ వస్తుంది. నీరు ఆవిరైపోతుంది గాని ఉప్పు పోదు. పూత కింద స్ఫటికాలుగా పెరిగి, పూతను ముందుకు నెడుతుంది. ఊడిన పెచ్చు వెనక తెల్లని పొడి కనిపించేది అందుకే. వానాకాలంలో మీ అమ్మ ఉప్పు జాడీ చెమర్చదూ? గోడలోని ఉప్పూ అలాగే గాలిలోని తేమను లాక్కుంటుంది.

మరి సిమెంటు ఎందుకు నిలవలేదు? సిమెంటు చెడ్డది కాదు. కాని గట్టి పూత త్వరగా సన్నని బీటలు తీస్తుంది. వాన వాటిలోంచి లోపలికి దూరుతుంది, బయటికి వచ్చే తోవ మాత్రం దొరకదు. సున్నపు పూత అలా కాదు. తడిసినా, ఎండ కాస్తే ఆవిరిని వదిలేస్తుంది. చంద్రగిరి కోటలోని రాజమహలును మీలో చాలామంది చూసి ఉంటారు. కలప వాడకుండా రాయి, ఇటుక, సున్నంతోనే కట్టారు దానిని.

నాయనా, ముందు ఒక పరీక్ష చెయ్యి. జానెడు అల్యూమినియం కాగితాన్ని గది లోపల గోడకు నాలుగంచులా అంటించి, రెండు రోజులు ఉంచు. గది వైపు నీటి చుక్కలు పడితే అది గదిలోని ఆవిరి, కిటికీలు తెరవాలి. గోడ వైపు తడిస్తే చెమ్మ గోడలోనే ఉంది. అప్పుడు మీ నాయనతో కలిసి ఇంటి చుట్టూ తిరుగు. గోడకు ఆనించి మట్టి పోశారా? చూరు నీళ్లు గోడ మొదట్లోనే పడుతున్నాయా? వాటిని సరిచేయడానికి పెద్ద ఖర్చు కాదు.

ఆ తరువాత వదులైన సిమెంటు తీయించి, వేసవి ఎండకు గోడను బాగా ఆరనివ్వండి. తెల్ల పొడిని పొడి చీపురుతో ఊడ్చాలి. కడిగితే ఉప్పు కరిగి మళ్లీ లోపలికి పోతుంది. అప్పుడు గానుగ సున్నం పూయడం తెలిసిన పాత తాపీమేస్త్రీని పిలవండి. సున్నం కళ్లలో పడితే ప్రమాదం, పిల్లలు దూరంగా ఉండాలి.

గోడ ఆరడానికి నెలలు పడుతుంది. చెల్లెలి మంచాన్ని మాత్రం ఈరోజే అవతలి గోడ పక్కకు జరపండి. దగ్గు తగ్గకపోతే డాక్టరుకు చూపించండి.