స్టాలు ఎత్తేశాక మొదలయ్యే వ్యాపారం

చిన్న పరిశ్రమలకు మార్కెట్ చూపించాలన్న ఆలోచన వచ్చినప్పుడల్లా ప్రభుత్వాలు ముందుగా చేసే సాయం ప్రదర్శనల్లో స్టాలు ఇప్పించడం, దాని అద్దెలో కొంత భారం మోయడం. ఈ సాయం అవసరమైనదే. అయితే స్టాలులో ఏం చేయాలో, ఇంటికి తిరిగి వచ్చాక ఏం చేయాలో చెప్పే ఏర్పాటు అంతగా లేనందువల్ల, చాలామంది ఉత్పత్తిదారులు రాత్రి గల్లాపెట్టెలో మిగిలిన సొమ్మును బట్టే ప్రదర్శన కలిసివచ్చిందో లేదో తేల్చుకుంటున్నారు. ఈ కొలత అన్ని ప్రదర్శనలకూ సరిపోదు.

1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలై, ఆ తరువాత నాంపల్లి మైదానానికి మారిన హైదరాబాద్ నుమాయిష్ ప్రధానంగా చిల్లర కొనుగోళ్ల సంత. జనవరి 1న ఆరంభమై నెలన్నర పాటు సాగే ఆ ప్రదర్శనకు సాయంత్రాలు కుటుంబాలు తరలివస్తాయి కాబట్టి అక్కడ సరుకు నిల్వ, చిల్లర డబ్బు, బేరానికి ఓపిక ఉన్నవారు నెగ్గుతారు. ఢిల్లీ ప్రగతి మైదాన్‌లో ఏటా నవంబరు 14 నుంచి 27 వరకు జరిగే భారత అంతర్జాతీయ వాణిజ్య ప్రదర్శనలో తొలి రోజులను వ్యాపార సందర్శకుల కోసం కేటాయించడం ఆనవాయితీ. ఆ రోజుల్లో వచ్చే దుకాణదారుడు, ఎగుమతిదారుడు ఒక్క వస్తువు కొనడానికి రారు. నమూనా చూసి, కనీసం ఎన్ని కొనాలో, ఎన్ని రోజుల్లో పంపగలరో అడుగుతారు. ఈ ప్రశ్నలకు అచ్చువేసిన ధరల పట్టికతో జవాబు చెప్పలేని స్టాలు ఎంత అందంగా ఉన్నా వారిని నిలుపుకోలేదు.

అనకాపల్లి జిల్లా ఏటికొప్పాక లక్క బొమ్మలనే తీసుకుంటే, వాటికి 2017లో భౌగోళిక గుర్తింపు, అంటే ఆ పేరు ఆ ప్రాంతపు ఉత్పత్తికే చెందుతుందన్న చట్టబద్ధ రక్షణ, లభించింది. అరలో పేర్చిన బొమ్మను చూసి ముందుకు సాగిపోయే మనిషి, తిరిగే అంకుడు కర్రకు కళాకారుడు రంగు లక్కను ఆనించగానే రాపిడి వేడికి అది కరిగి కర్ర చుట్టూ పరుచుకోవడాన్నీ, మొగలి ఆకు ఒత్తగానే దానికి మెరుపు రావడాన్నీ చూస్తే ఆగిపోతాడు. ఏ కరపత్రమూ అంత నమ్మకం కలిగించదు. 2021 నుంచి ఆటబొమ్మలకు నాణ్యతా ముద్ర తప్పనిసరి అయినా, నమోదైన హస్తకళాకారులకూ భౌగోళిక గుర్తింపు బొమ్మల అధీకృత తయారీదారులకూ మినహాయింపు ఉందన్న సంగతి పెద్ద దుకాణదారుకు తెలియకపోవచ్చు. దానికి సంబంధించిన కాగితం స్టాలులో సిద్ధంగా ఉంటే సగం సందేహాలు అక్కడికక్కడే తీరుతాయి.

అన్నింటికంటే ఎక్కువ నష్టం ధర దగ్గర జరుగుతోంది. ముడిసరుకుకూ కూలికీ కాస్త లాభం కలిపి ఒకే ధర నిర్ణయించుకున్న ఉత్పత్తిదారు, ఆ ధరకే స్టాలులో చిల్లరగా అమ్మితే, అదే నగరంలోని దుకాణదారు అద్దె, జీతాలు, పన్ను కలుపుకొని అంతకంటే ఎక్కువకు అమ్మలేక ఆ సరుకు జోలికే రాడు. టోకు ధర ముందు తేల్చుకుని, దుకాణదారు లాభానికి చోటు వదిలి, స్టాలులో చిల్లర ధరకే అమ్మడం తొలుత గిరాకీ తగ్గించినట్టు కనిపిస్తుంది. కానీ ఏడాది పొడవునా సరుకు ఎత్తే దుకాణాలను పోగొట్టుకోకుండా కాపాడేది ఆ క్రమశిక్షణే.

ప్రచారం స్టాలు తెరిచిన రోజున మొదలుపెడితే ఆలస్యమైనట్టే. పాత ఖాతాదారులకు రెండు వారాల ముందే స్టాలు సంఖ్యతో వాట్సాప్ సందేశం పంపడం, స్థానిక విలేకరికి కొత్త నమూనా గురించి క్లుప్తంగా రాసి ఫొటోతో ఇవ్వడం ఖర్చులేని పనులు. ఇక పలకరించి వెళ్లిన ప్రతి వ్యాపారి పేరు, ఊరు, అడిగిన వస్తువు ఆ పూటే పుస్తకంలో రాసుకుని, వారం తిరగకముందే ఫోను చేయాలి. విజిటింగ్ కార్డులు సంచిలో ఉండిపోతే అద్దె డబ్బు నీళ్లలో పోసినట్టే.

ఆర్డరు వచ్చాక బాకీ వసూలు తిప్పలు మొదలవుతాయి. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థల నుంచి సరుకు తీసుకున్నవారు రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటకుండా చెల్లించాలి; ఒప్పందం లేకపోతే గడువు 15 రోజులే, ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ పడుతుంది. ఈ హక్కు గట్టిగా నిలవాలంటే సరుకు పంపే నాటికే చిన్న సంస్థగా ప్రభుత్వం దగ్గర చేయించుకునే ఉద్యమ్ నమోదు పూర్తయి, ఆ సంఖ్య బిల్లు మీద కనిపించాలి.

అందువల్ల స్టాలు అద్దె తిరిగి ఇచ్చే ప్రభుత్వాలు, ప్రదర్శనకు నెల ముందే జిల్లా పరిశ్రమల కేంద్రంలో ధర కట్టడం, ఆర్డరు పత్రం రాయడం నేర్పే రెండు రోజుల శిక్షణను కూడా ఆ సాయంలో భాగం చేయాలి. ప్రదర్శన ముగిసిన మూడు నెలలకు ఎన్ని విచారణలు ఆర్డర్లయ్యాయో, ఎంత సొమ్ము చేతికి అందిందో ఆ కేంద్రమే ఉత్పత్తిదారులను అడిగి నమోదు చేస్తే, ఏ ప్రదర్శన ఏ సరుకుకు పనికివస్తుందో మరుసటి ఏడాది స్టాలు కోరేవారికి ముందుగానే తెలుస్తుంది.