గృహనిర్వహణము: అమ్మదలచిన పాతమిద్దె

ఇల్లు కట్టుకొనువారికి సలహా చెప్పువారు పదిమంది యుందురు. ఇల్లు అమ్ముకొనువారికి చెప్పువారు నూరుమంది యుందురు. ఆ నూరుమందిలో సగమునకు పైగా దళారులో, రంగుల దుకాణమువారో, పని వెదకుకొను మేస్త్రీలో యగుటచేత, ఏ మాట మన మేలుకొరకు చెప్పినదో, ఏ మాట వారి మేలుకొరకు చెప్పినదో తేల్చుకొనుట గృహిణికి కష్టమగుచున్నది. మా నందికొట్కూరులో కొంతకాలముగా పాతయిండ్లు అమ్మకమునకు వచ్చుట కనబడుచున్నది. పిల్లలు హైదరాబాదులోనో, బెంగుళూరులోనో, సముద్రమునకావలనో స్థిరపడిరి. ఇంట మిగిలినది పెద్దామె యొక్కతె. ఆమె చేతనున్న ఆస్తి యా యిల్లొక్కటే. దానిని బాగుచేసి యమ్మవలెనా, ఉన్నదున్నట్లే యమ్మవలెనా, బాగుచేయుదుమన్నచో నెంతవరకు చేయవలెను అనునది ఆమె శేషజీవితపు గ్రాసమునకు సంబంధించిన ప్రశ్న. అందుచేత సోదరీమణులతో ఈ నెల దానినే ముచ్చటింపదలచితిని.

ముందుగా ఆ యిండ్ల స్వభావము తెలియవలెను. 1953 అక్టోబరు 1వ తేది మొదలు 1956 నవంబరు 1వ తేది వరకు కర్నూలు ఆంధ్రరాష్ట్రమునకు రాజధానిగా నుండెను. ఆ కాలమునను, తరువాత పదేండ్లలోను మా ప్రాంతమున కట్టిన యిండ్లలో పాతపద్ధతియు కొత్తపద్ధతియు కలిసియుండుట సామాన్యము. వెనుకభాగము రాతిగోడలు, నల్లమల కలప దూలములు, వానిమీద దంతెలు, బండలు, ఆపైన చౌడుమట్టి కప్పు. ముందుభాగము సిమెంటు చూరు, వెడల్పైన కిటికీలు, ఇనుపకడ్డీల వసారా, కలిగినవారియింట మొజాయిక్ గచ్చు. వంటింట బేతంచెర్ల నాపరాళ్లు. కొన్ని యిండ్లకు ద్వారబంధములు ఇంటికంటె పాతవి. 1981వ సంవత్సర ప్రాంతమున శ్రీశైలము జలాశయము క్రింద గ్రామములు మునిగినపుడు తలుపులను, దూలములను విప్పి బండ్లమీద తెచ్చుకొన్న కుటుంబములు కలవని పెద్దలు చెప్పుదురు.

మా వీధిలో అట్టి యిల్లొకటి కలదు. దాని యజమానురాలిని నేను అక్కగారని పిలుతును. భర్త పోయి ఆరేండ్లయినది. ఇద్దరు కుమారులు, ఒక కుమార్తె; మువ్వురును దూరదేశములందున్నారు. ఇల్లమ్మి, కుమార్తె యున్న యూరిలో చిన్నవాటా కొనుక్కొని, మిగిలిన సొమ్ము బ్యాంకులో వేసికొని వడ్డీతో గడుపవలెనని ఆమె సంకల్పము. ఆమె మరిదిగారు పనుల జాబితా యొకటి వ్రాసి తెచ్చిరి. గోడలన్నిటికిని సిమెంటు గిలాబా, దానిమీద పుట్టీ, రంగులు. నాపరాళ్లు పెరికి మెరుగు పలకలు పరచుట. దూలములు కనబడకుండ క్రింద తెల్లని యట్టకప్పు. వంటింట గోడనిండ అరలు. మొత్తము ఆమె బ్యాంకులో దాచుకొన్నదంతయు పోయి, పైన అప్పు పడునంత! ఇల్లు క్రొత్తదివలె కనబడును, ధర రెట్టింపగునని వారి యభిప్రాయము. వారు చెడ్డవారు కారు, కొనువాని కన్ను దేనిమీద పడునో యెరుగరు, అంతే.

ఇల్లు కొనవచ్చినవాడు గోడ రంగు చూచి సంతోషించును గాని, దానికి సొమ్మీయడు. ఆ రంగు తనకు నచ్చకపోవచ్చును, ఎట్లును తానొకసారి వేయించుకొనును. అతడు భయపడునవి వేరు: కప్పు కారునా, గోడ బీటవారునా, నీళ్లు వచ్చునా, దస్తావేజులు సరిగానున్నవా. ఆ భయము తీర్చుటకు పెట్టిన రూపాయి తిరిగి వచ్చును. మన ముచ్చటకు పెట్టినది రాదు. ఈ యొక్క లెక్క పట్టుకొని అక్కగారును నేనును ఆ జాబితాను ప్రక్కనబెట్టి వేరొకటి వ్రాసికొంటిమి.

మొదటిది కప్పు. చౌడుమట్టి కప్పు ఏటేట మన్ను వేసి, దిమ్మిసకొట్టి, నీరు నిలువకుండ వాలు చూడవలసినది. ఇంట మగదిక్కు పోయిన నాటినుండి ఆ పని జరుగక, తూములలో రావిమొలకలు పుట్టియుండును. మొలకను పైకి త్రుంచినచో లాభము లేదు, వేరుతో తీయింపవలెను. తూములు బాగుచేయించి, వాలు సరిచేయించి, బండల సందులు గానుగసున్నముతో పూయించినచో సగము బాధ తీరును. ఇక దూలములు. గోడలోనికి పోయిన దూలపుకొన చెమ్మచేతను, చెదలచేతను ముందుగా పాడగును. మధ్యభాగము ఇనుమువలెనుండి మనలను మోసగించును. మేస్త్రీచేత ప్రతి కొనను సుత్తితో తట్టించి చూడవలెను. బోలుగా మ్రోగినచోట దూలము మార్చుటయో, క్రింద ఆధారము నిలుపుటయో చేయవలెను. తెల్లనియట్టతో దానిని కప్పివేసినచో కొనువాడే కాదు, మనమును చూడలేము. అక్కగారి యింట తొమ్మిది దూలములకు రెండు మాత్రమే చెడినవి.

రెండవది గోడల బీటలు. ఇది కొంచెము వివరముగా చెప్పవలసిన సంగతి. మా ప్రాంతపు నల్లరేగడి నేల వానకు ఉబ్బును, ఎండకు కుంచించుకొని నెర్రెలు విచ్చును. పునాది రేగడిలోనే నిలిచిన యిల్లు ఏటేట కొంచెము లేచి, కొంచెము దిగుచుండును. అందుచేత కిటికీల మూలలనుండి ఏటవాలుగా బీటలు పోవును. బీట యున్నదని బెదరనక్కరలేదు. అది ఆగిపోయినదా, ఇంకను నడుచుచున్నదా యనునదే ముఖ్యము. తెలిసికొనుటకు చవుకైన యుపాయము కలదు. సన్నని గాజుముక్క నొకదానిని బీటకు అడ్డముగా నుంచి, రెండుకొనలను సున్నముతోనో సిమెంటుతోనో గోడకు గట్టిగా నతికించి, ప్రక్కన తేది వ్రాయవలెను. ఎండకాలము, వానకాలము గడచిన పిమ్మటకూడ గాజు పగులకున్నచో బీట నిద్రించినది, పూయింపవచ్చును. గాజు చిట్లినచో బీట నడుచుచున్నది. పైపూత వేసినను మరుసటేడు మరల కనబడును. అప్పుడు ఇంటి చుట్టును మురుగునీరు పునాదిలోనికి దిగకుండ గచ్చు వాలుగా వేయించుట, గోడప్రక్కనున్న పెద్దచెట్టు సంగతి చూచుట, అవసరమైనచో ఇంజనీరును పిలిచి పునాది చూపుట యుక్తము.

సిమెంటు గిలాబాను గురించి కూడ ఒక మాట. మట్టితోను సున్నముతోను కట్టిన పాతగోడ చెమ్మను లోపలినుండి వెలుపలికి విడుచుచుండును. దానిమీద సిమెంటు బిగించినచో చెమ్మ లోన నిలిచి, ఉప్పుపట్టి, పూత పెచ్చులుగా రాలును. తెల్లగా మెరసిన గోడ రెండేండ్లలో కుష్ఠు పట్టినట్లగును. పాతగోడకు సున్నపుగారయే పథ్యము. గానుగసున్నము చేయువారు అరుదైరి గాని, బొత్తిగా లేకపోలేదు.

బీటలను పుట్టీతో మూసి యమ్మినచో తప్పేమి, అందరును చేయుచున్నారు కదా యని మరిదిగారు ప్రశ్నించిరి. భారతము చదివినవారికి వారణావతము జ్ఞాపకముండును. పురోచనుడు కట్టించిన యింటి చక్కదనమునకు కొదువ లేదు. లోపలనున్న లక్క, నెయ్యి మాత్రము పైపూత క్రింద కనబడలేదు. ధర్మము మాట అటుంచినను, శాసనముకూడ ఈ విషయమున మౌనముగా లేదు. 1882వ సంవత్సరపు ఆస్తి బదిలీ చట్టము 55వ సెక్షను ప్రకారము, అమ్మువారు తమకు తెలిసియుండి, కొనువాడు సామాన్యమైన జాగ్రత్తతో కనుగొనజాలని ముఖ్యలోపమును అతనికి తెలుపవలసియున్నది. ఆస్తియొక్క లోపమేకాదు, హక్కులోని లోపమునుకూడ తెలుపవలెను. దాచి యమ్మిన సొమ్ముతో కొన్న వాటాలో, కోర్టు కాగితము ఎన్నడు వచ్చునో యని భయపడుచు కాపురముండుట వృద్ధురాలికి తగదు. అక్కగారు ఆ మాటకు వెంటనే సమ్మతించిరి. మరిదిగారు మాత్రము కాఫీ త్రాగి లేచిపోయిరి.

మూడవది నీరు, మరుగు, దీపము. కొనువాడు వసారా చూచుచున్నపుడు అతని భార్య నేరుగా వంటింటికిని, స్నానపుగదికిని పోవును. బేరము నిజముగా తెగుచోటు లది. కుళాయిలో ధార చూచును, తూము మూసికొనిపోయినదా యని చూచును, పొయ్యిగట్టు ఎత్తు, పొగ పోవుదారి, వెలుతురు చూచును. కాబట్టి గోడనిండ అరలు కట్టించుటకు బదులు, పొయ్యిగట్టు బాగుచేయించి, గాలి బయటికి తోయు పంకా నొకటి పెట్టించి, మరుగుదొడ్డి గొట్టములు మార్పించుట మేలు. పాతకాలపు చెక్కపట్టీలమీది కరెంటుతీగలు, రబ్బరుతొడుగు ఎండి పొడిపొడి యగుచున్నవి, తప్పక మార్పింపవలసినవి. ఎర్తింగు సరిచూపించి, కరెంటు నేలకు కారినపుడు తానే ఆరిపోవు స్విచ్చి నొకటి పెట్టింపవలెను. పై సొగసులన్నిటిలో ఏ యొక్కటి మానినను ఇది మానరాదు.

నాపరాళ్లను పెరుకవద్దని, మొజాయిక్ గచ్చును పలకలతో కప్పవద్దని నేను గట్టిగా చెప్పితిని. నాపరాళ్లను రుద్దించి, సందులు నింపించినచో చల్లగా, నల్లగా మెరయును. మొజాయిక్‌ను యంత్రముతో అరుగదీసినచో క్రొత్తదానికంటె నందము. ఇది నా పాతచింతకాయ రుచియని పాఠకురాండ్రు నవ్వుకొందురేమో. అమెరికా సంగతి వినుడు. కాలిఫోర్నియాలో ఆర్ట్స్ అండ్ ఆర్కిటెక్చర్ అను పత్రికవారు 1945లో పూనికతో, కొత్తపద్ధతి మాదిరియిండ్లను కట్టింప నారంభించిరి. చదునుకప్పు, వెడల్పు కిటికీలు, తక్కువ గోడలు, ఎక్కువ వెలుతురు వాని లక్షణములు. వానిలో 8వ ఇంటిని చార్లెస్, రే ఈమ్స్ అను దంపతులు తమకొరకే 1949లో కట్టుకొనిరి. ఆ కాలపు ఇండ్లను నేడు అక్కడ అమ్మునపుడు, మొదటి కిటికీలు, మొదటి గచ్చులు, మొదటి చెక్కపని చెడకుండ నున్నచో కొనువారు మురిసి కొందురు. మధ్యలో ఎవరో పెరికి పరచిన క్రొత్తసామగ్రిని చూచి విచారింతురు. మన దేశముననే కారైకుడిలో పాత స్తంభములకును తలుపులకును ప్రత్యేకముగా అంగళ్లున్నవి కదా. అక్కగారి టేకుతలుపుల మీద ఏండ్లతరబడి పూసిన ఆకుపచ్చరంగును గీయించి నూనె పట్టించితిమి. అయిన ఖర్చు కూలి మాత్రమే.

ఇక కాగితములు. వీనికి మేస్త్రీ అక్కరలేదు గాని, ఇంటిపనికంటె నెక్కువకాలము పట్టును. భర్త స్వార్జితమైన యిల్లు, ఆయన వీలునామా లేక గతించినచో, 1956వ సంవత్సరపు హిందూ వారసత్వ చట్టము ప్రకారము భార్యకును, కొడుకులకును, కూతుండ్రకును, ఆయన తల్లి జీవించియున్నచో నామెకును సమభాగములు. ఉమ్మడికుటుంబపు ఆస్తియైనచో, మన రాష్ట్రమున 1985 సెప్టెంబరు 5వ తేదినాటికి పెండ్లికాని కూతుండ్రకు, 2005 సెప్టెంబరు 9వ తేదినుండి దేశమంతట కూతుండ్రందరికిని పుట్టుకచేతనే హక్కు కలిగినది. ‘పెండ్లియైపోయిన పిల్ల సంతకమెందుకు’ అను మాట మన యిండ్లలో నింకను వినబడుచున్నది. ఆ సంతకము లేనిదే తెలిసినవా డెవడును కొనడు. అక్కగారి కుమార్తె రిజిస్ట్రేషనుకు తానే వచ్చుట కుదిరినది. రాలేనివారు పవర్ ఆఫ్ అటార్నీ సంగతి ముందుగనే విచారించుకొనవలెను. ఊరి నడుమనున్న గ్రామకంఠపు ఇండ్లకు పాతదస్తావేజులు తరచుగా నుండవు. ఇంటిపన్ను రసీదులు, కరెంటు రసీదులు ఎంత పాతవైన నంత మంచివి, ట్రంకుపెట్టె అడుగున వెదకుడు. ఈసీ తీయించి, పన్ను బకాయిలుండినచో చెల్లించి, అన్నియు నొక సంచిలో పెట్టుకొన్నచో కొనువానికి సగము ధైర్యము కలుగును.

మరమ్మతుల రసీదులనుకూడ దాచవలెను. అమ్మకపు లాభముమీది ఆదాయపుపన్ను లెక్కలో, ఇంటికి చేసిన చేర్పులు మార్పుల వ్యయమును తగ్గించుకొనుట కవకాశము కలదు. వెల్లవేయుటవంటి మామూలు పనులకు లేదు. ధరలో కొంత నగదుగా నిత్తుము, కాగితముమీద తక్కువ వ్రాయుదమను బేరమునకు ఒప్పుకొనరాదు. స్థిరాస్తి విషయమున 20,000 రూపాయలుగాని అంతకెక్కువగాని నగదుగా తీసికొనుట నిషిద్ధము. అంతియే కాక, ఒంటరి స్త్రీ యింట నోట్లకట్టలు పెట్టుకొని రాత్రులు నిద్రించుట యెట్లు?

మరిదిగారి జాబితాకయ్యెడి ఖర్చులో మూడవవంతుకు లోపుననే అక్కగారి పని ముగిసినది. అప్పు చేయలేదు. ఎండ ముదురకముందే కప్పు పని మొదలుపెట్టి, వైశాఖములో ముగించితిరి. సున్నము ఆరునంతవరకు దినమునకు రెండుసార్లు తడిపించిరి. వానకాలమున నెవరికిని ఇల్లు చూపలేదు. ఆశ్వయుజములో, నాలుగు నెలల వానకు తడిసిన కప్పు క్రింద పొడిగానున్న గోడలను చూపించిరి. కిటికీప్రక్క గాజుముక్క, ఫాల్గుణము నాటి తేదితో, ఇంకను అతికియే యున్నది. కొనవచ్చిన దంపతులలో భార్య దానిని చూచి ఇదేమని యడిగెను. అక్కగారు చెప్పిరి. ఆమె రెండవగదిలో నున్న గాజుకూడ చూపుమనెను. అది చిట్లియుండెను. అక్కగారు ఆ సంగతియు చెప్పి, ఇంజనీరు వ్రాసియిచ్చిన కాగితము చూపిరి. వారు ఆ గోడకొరకు ధరలో కొంత తగ్గింపుడని యడిగిరి. అక్కగారు ముందుగా లెక్కవేసికొన్నంతకంటె అది తక్కువయే యగుటచేత, రెండు దినములు ఆలోచించి చెప్పెదనని వారిని పంపివేసి, సాయంత్రము మా యింటికి వచ్చి కుమార్తెకు ఫోను చేయించుకొనిరి. మార్గశిరములో రిజిస్ట్రేషను. గాజును గురించి యడిగిన యా యిల్లాలే, టేకుతలుపులకు ఏ నూనె పూసితిరని మొన్న మరల కబురు పంపినది.