చావును ఆపే మందు ఎవరి దగ్గరా లేదు, కొనకండి

కలమల్ల, ఎర్రగుంట్ల, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల ప్రజలకు ఇది హెచ్చరిక. వయసును ఆపుతామని, వెనక్కు తిప్పుతామని చెప్పి ఎవరు ఏ సూది వేస్తామన్నా వేయించుకోవద్దు, ఏ పొడి అమ్మినా కొనొద్దు. దాని మీద సైన్సు అని రాసి ఉన్నా సరే. అన్నిటికంటే ముఖ్యంగా, వాళ్ల మాట నమ్మి ఇప్పుడు వేసుకుంటున్న బీపీ మాత్ర, షుగర్ మాత్ర ఒక్క పూట కూడా మానొద్దు.

ఇంత గట్టిగా ఎందుకు చెప్పాల్సి వస్తోందంటే, చావును జయిస్తారంటూ ఫోన్లలో తిరుగుతున్న వీడియోల్లో సగం నిజమే ఉంది. పూర్తి అబద్ధమైతే మన జనం ఇట్టే పట్టేస్తారు. ఎలుక ఎక్కువ కాలం బతికిందన్నది నిజం. ఈ పొడి తింటే మీరూ బతుకుతారన్నది అబద్ధం. రెండూ ఒకే ఊపిరిలో చెప్పేసరికి చదువుకున్నవాళ్లు కూడా తడబడుతున్నారు.

ఆ నిజమేదో ముందు చెప్పుకుందాం. 2009లో అమెరికా పరిశోధకులు రాపామైసిన్ అనే మందును వయసు మళ్లిన ఎలుకలకు పెడితే, పెట్టని వాటికంటే అవి ఎక్కువ కాలం బతికాయి. మంచి పరిశోధనే. అయితే మనుషులకు ఆ మందును దేనికి వాడుతున్నారో తెలుసా? కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్ల ఒళ్లు కొత్త కిడ్నీ మీద తిరగబడకుండా రోగనిరోధక శక్తిని అణచడానికి. డాక్టరు కనిపెట్టుకుని ఉండాల్సిన మందు అది. ఇంకొకటి, జపాన్ శాస్త్రవేత్త షిన్యా యమనాక 2006లో ఎలుక చర్మకణాల్లోకి నాలుగు జన్యువులు పంపి వాటిని పసికణాలుగా మార్చారు. 2012లో ఆయనకు నోబెల్ వచ్చింది. వీడియో అక్కడితో ఆగిపోతుంది. అదే పని బతికున్న ఎలుక ఒంట్లో పూర్తిగా చేయబోతే కణితులు లేచాయన్న సంగతి అందులో ఉండదు.

అసలు చిక్కంతా ఈ కణం దగ్గరే ఉంది. మనిషి కణం సుమారు 40 నుంచి 60 సార్లు విడిపోయి ఆగిపోతుందని లెనార్డ్ హేఫ్లిక్ 1961లో చూపించాడు. విడిపోయినప్పుడల్లా క్రోమోజోముల కొనలు కాస్త కాస్త అరిగిపోతాయి. ఆ కొనలను తిరిగి పెంచే టెలోమరేజ్ అనే ఎంజైము మీద పనిచేసిన ముగ్గురికి 2009లో నోబెల్ ఇచ్చారు. మరి దాన్నే ఒంట్లోకి ఎక్కించేస్తే పోలేదా అని అడుగుతారు. క్యాన్సర్ కణాల్లో చాలా వరకు చేసుకునేది ఆ పనే. అమెరికాలో హెన్రియెట్టా లాక్స్ అనే నల్లజాతి ఇల్లాలు 1951 అక్టోబరులో, 31 ఏళ్ల వయసులో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌తో చనిపోయింది. ఆమె కణితిలోంచి తీసిన కణాలు ప్రపంచమంతటా ప్రయోగశాలల్లో ఇప్పటికీ పెరుగుతూనే ఉన్నాయి. చావు లేని కణం ఇదివరకే ఉంది. ఆ కణమే ఆమెను చంపింది. చిరంజీవి కణాల పేరుతో స్టెమ్ సెల్ సూది వేస్తామనే వాళ్ల దగ్గర కూర్చునే ముందు ఈ ఒక్క సంగతి గుర్తుకు రావాలి.

ఎప్పటికైనా సాధ్యమేనా అంటే, ముసలితనాన్ని కొన్నేళ్లు వెనక్కు నెట్టడం సైన్సుకు చేతనవుతుందనే నేననుకుంటాను. చావే లేకుండా పోవడం మాత్రం వేరే మాట. ఒంట్లో ముదిమి ఆగినా ఎర్రగుంట్ల రోడ్డు మీద లారీలు ఆగవు, పాము కాటు ఆగదు, కొత్త వైరస్ రాకుండా ఉండదు. వయసు రాని శరీరం కూడా ఏదో ఒక రోజు ప్రమాదానికో జబ్బుకో లొంగాల్సిందే. రికార్డులకెక్కిన మనుషుల్లో అందరికంటే ఎక్కువ కాలం బతికింది ఫ్రాన్సుకు చెందిన జాన్ కల్మా. ఆమె 122 ఏళ్లు బతికి 1997లో పోయింది. ఆ తర్వాత వైద్యం ఎంతో ముందుకు వెళ్లినా ఆ వయసును దాటినవాళ్లు ఒక్కరూ లేరు.

ఇక మన వీధిలోకి వద్దాం. మా బజారులో ఒకామె నాకు ఒక సీసా చూపించింది. గోధుమరంగు ప్లాస్టిక్ సీసా, మీద ఉదయించే సూర్యుడి బొమ్మ, కాయకల్పం అని పెద్దక్షరాలు. ఎవరు తయారు చేశారో లేదు, లైసెన్సు నంబరు లేదు, బ్యాచ్ నంబరు లేదు. గడువు తేదీ ఉండాల్సిన చోట ఖాళీ గీత. లోపల బూడిదరంగు పొడి, చిటికెడు తీసుకున్నా వేలికి బరువు తెలుస్తోంది. ‘ఎన్నేండ్లని మింగేది నాయనా ఆ మాత్రలు. ఇది మూడు నెలలు తింటే ముసలితనమే రాదంట’ అంది. షుగర్ మాత్ర అప్పటికే మానేసింది. ‘అత్తా, సీసా పక్కన పెట్టి ముందు ఆస్పత్రికి పోదాం పా’ అని బయలుదేరదీయాల్సి వచ్చింది. షుగర్ ఉన్నవాళ్లు మందు మానేస్తే ముసలితనం దాకా పోనక్కర్లేదు, కళ్లు, కిడ్నీలు, పాదాలు ముందే దెబ్బతింటాయి.

ఆ బరువైన పొడుల గురించి ఇంకా చెప్పాలి. పాదరసాన్ని కట్టి దేహసిద్ధి పొందాలన్న తపన మన నేలకు కొత్త కాదు, శ్రీశైలం చుట్టూ రససిద్ధుల కథలు ఎన్నో ఉన్నాయి. కథను కథగా వినొచ్చు. పాదరసం, సీసం, ఆర్సెనిక్ కడుపులోకి పోతే కిడ్నీలూ నరాలూ పాడవుతాయి. అమెరికాలోని బోస్టన్ ప్రాంతపు దుకాణాల్లో దొరికే 70 ఆయుర్వేద ఉత్పత్తులను పరీక్షిస్తే 14 వాటిల్లో ఈ లోహాలు బయటపడ్డాయని 2004లో ఒక అధ్యయనం తేల్చింది. పైన పేరూ ఊరూ ఉన్న సరుకు సంగతే అది. చిరునామా లేని సీసాలో ఏముందో ఎవరు చెప్పగలరు?

షుగర్‌కు వాడే మెట్‌ఫార్మిన్ మాత్ర సంగతి కూడా చెప్పాలి. ‘సుగరు లేనోళ్లు గూడా ఏసుకుంటే ఆయుస్సు పెరుగుతాదంట గదన్నా’ అని ఈ మధ్య కుర్రవాళ్లు అడుగుతున్నారు. దాన్ని ముదిమి మీద పరీక్షించాలని అమెరికాలో ఒక పెద్ద ప్రయోగానికి ప్రణాళిక వేశారు, ఇంకా ఫలితమేమీ తేలలేదు. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్లు వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. డాక్టరు రాయకుండా మెడికల్ షాపులో అడిగి తెచ్చుకోవద్దు. అలాగే కుర్రవాళ్ల రక్తంలోని ప్లాస్మా ఎక్కించి వయసు తగ్గిస్తామన్న వ్యాపారం మీద అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2019 ఫిబ్రవరిలోనే ప్రజలను హెచ్చరించింది. ఆ సరుకు రేపు ఇక్కడికి రాదన్న భరోసా ఏమీ లేదు.

చావు మీద గెలుపు దొరుకుతుందన్న నమ్మకం ఎంత దూరం తీసుకుపోతుందో మన పక్కనే చూశాం. 2021 జనవరిలో మదనపల్లెలో ఇద్దరు ఆడబిడ్డలు కన్న ఇంట్లోనే హతమయ్యారు. వాళ్లు మళ్లీ బతికి వస్తారని తల్లిదండ్రులు నమ్మారని అప్పట్లో పోలీసులు చెప్పారు. అది చదువు లేని ఇల్లు కాదు. డిగ్రీ ఉన్నంత మాత్రాన ఈ పిచ్చి అంటదని ఎవరూ ధీమాగా ఉండొద్దు. ఇంట్లో ఎవరైనా పునర్జన్మ గురించి, చావు లేకపోవడం గురించి నిద్రాహారాలు మాని మాట్లాడుతుంటే అది భక్తిలే అని ఊరుకోకండి, మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి.

ఆయుష్షు పెంచిన తెలుగువాడు ఒకడున్నాడు, ఆయన పేరు ఈ వీడియోల్లో రాదు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. తోడబుట్టినవాళ్లను స్ప్రూ వ్యాధి పొట్టన పెట్టుకుంటే కడుపు మండి వైద్యంలోకి దిగి, అమెరికా వెళ్లి ఫోలిక్ ఆమ్లం మీద పనిచేశాడు. బోదకాలుకు మనవాళ్లు మింగే డీఈసీ మాత్ర, క్యాన్సర్‌కూ కీళ్లవాతానికీ వాడే మెథోట్రెక్సేట్ ఆయన నడిపిన పరిశోధనశాల నుంచి వచ్చినవే. ఆయన మాత్రం 1948లో, 53 ఏళ్లకే పోయాడు. స్వాతంత్ర్యం వచ్చిన రోజుల్లో మన దేశంలో సగటు ఆయుర్దాయం 32 ఏళ్ల దగ్గర ఉండేది, ఇప్పుడు 70 దగ్గరికి చేరింది. ఏ అమృతమూ తాగకుండానే ఇది జరిగింది. టీకాలు, మంచి నీళ్లు, ఆస్పత్రి కాన్పులు, యాంటీబయాటిక్‌లు చేసిన పని ఇది.

మన ప్రాంతంలో ఆయుష్షు తరిగే చోట్లు కళ్ల ముందే ఉన్నాయి. నాపరాయి కోసే, పాలిష్ పట్టే చోట మూతికి గుడ్డ కూడా లేకుండా పనిచేస్తున్నారు. ఆ రాతిదుమ్ములోని సిలికా ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్ వస్తుంది, దానికి నయం చేసే మందు లేదు. సిమెంటు ఫ్యాక్టరీల దుమ్ము, థర్మల్ కేంద్రం బూడిద పీల్చే ఊళ్లు మనవి. యజమానుల చేత మంచి మాస్కులు ఇప్పించండి, రాయి కోసే చోట నీళ్లు చల్లించండి, బూడిద లారీలకు పట్టాలు కప్పించండి. వయసు తగ్గించే సూదికి డబ్బు తగలేయడం కంటే ఇవి మేలు.

చట్టం మన వైపే ఉంది. షుగర్, బీపీ, క్యాన్సర్ నయం చేస్తామని ప్రకటనలు ఇవ్వడం 1954 నాటి చట్టం ప్రకారం నేరం. రక్తసంబంధ వ్యాధులకు ఆమోదం పొందిన మూలకణ మార్పిడి తప్ప మిగతా స్టెమ్ సెల్ చికిత్సలన్నీ ప్రయోగ దశలోనివేనని ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల్లో స్పష్టంగా చెప్పింది. ప్రయోగమన్నప్పుడు రోగి దగ్గర డబ్బు వసూలు చేయకూడదు. అడిగితే అది ప్రయోగం కాదు, మోసం. క్రీ.శ. 575 నాటి తెలుగు శాసనం ఉన్న కలమల్ల మనది, సీసా మీది అక్షరాలు చదవడం మనకు భారం కాకూడదు. లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, తయారీదారు చిరునామా, గడువు తేదీ, ఈ నాలుగింటిలో ఏది లేకపోయినా డబ్బులివ్వకండి. ఫొటో తీసి డ్రగ్స్ ఇన్‌స్పెక్టర్‌కు ఫిర్యాదు చేయండి.

ఇలాంటి పొడి ఇప్పటికే తింటున్నవాళ్లు ఈ రోజే ఆపండి. సీసా పారేయొద్దు, వెంట పట్టుకుని ప్రొద్దుటూరు ప్రభుత్వాస్పత్రికో దగ్గరలోని పీహెచ్‌సీకో వెళ్లి ఏం తిన్నారో దాచకుండా చెప్పండి. రక్తంలో క్రియాటినిన్, షుగర్ పరీక్ష చేయించుకోండి. మానేసిన మాత్రలను ఏ మోతాదులో మళ్లీ మొదలుపెట్టాలో డాక్టరునే అడగండి. సూది వేయించుకున్న తర్వాత ఆయాసం వచ్చినా, ఒళ్లంతా దద్దుర్లు లేచినా, కళ్లు తిరిగినా తెల్లారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేయండి.