సంపాదకుని మాట: పచ్చికబయలిపై బంతి

పూతలపట్టు పరిసరములందలి మామిడితోపుల నీడలో బిళ్ళంగోడు ఆడి పెరిగిన పాఠకునకు, నేలపైనున్న చిన్నవస్తువును కఱ్ఱతో దూరమునకుఁ గొట్టుటలోని ఆనందమును వేఱుగ వర్ణింపఁ బనిలేదు. ఆ ఆనందమునకే విశాలమైన పచ్చికబయలిని, లెక్కను, నిగ్రహమును జోడించిన క్రీడ గోల్ఫు. ఈ సంచికను దానికే కేటాయించితిమి.

ప్రారంభస్థానమైన టీ నుండి కొట్టిన బంతి, ఇసుకగుంటలను నీటిమడుగులను తప్పించుకొని, నున్నగఁ గత్తిరించిన గ్రీనుపైఁ గల 4.25 అంగుళముల వ్యాసపు గుంతలోఁ బడవలెను. ఇట్టి గుంతలు 18. ఆటగాఁడు 14 కఱ్ఱలకు మించి వెంట నుంచుకొనరాదు. నిపుణుఁడు ఒక్కొక్క గుంతను ముగింపఁదగిన దెబ్బల సంఖ్యకు పార్ అని పేరు. పెక్కు ఆటలలో ఎక్కువ కూడఁబెట్టినవాఁడు గెలువఁగా, ఇందు తక్కువ దెబ్బలతో ముగించినవాఁడే విజేత. బంతి పొదలోఁ జిక్కినను, దండనగా నొక దెబ్బను లెక్కకుఁ గలుపుకొననిదే, ఉన్నచోటనే కొట్టవలెననుట నాకు మిక్కిలి ప్రీతికరమైన నియమము. ఏలయన, చూచువాఁడు లేనిచోటఁ గూడ ఆటగాఁడే తనకు న్యాయాధిపతి.

1829లో కలకత్తాయందు వెలసిన సంఘము మన దేశమున ప్రాచీనము. మనకుఁ జేరువనున్న బెంగుళూరు సంఘము 1876 నాటిది. తెలుగునేలపై, 1687లో ఔరంగజేబు ముట్టడిని చూచిన గోల్కొండకోటకుఁ జేర్చి కట్టిన నయాకిల్లా ప్రాకారముల నడుమ, ఏనుఁగువంటి మాను గల ప్రాచీన బావోబాబు వృక్షపు సమీపమున, నేఁడు గోల్ఫుబంతులు దొరలుచున్నవి. ఆ గోడలకును ఆ వృక్షమునకును ఇసుమంతయు హాని కలుగరాదని మా దృఢాభిప్రాయము. ఆ మైదానమును గూర్చిన వ్యాసముతోనే ఈ సంచిక ప్రారంభమగుచున్నది.